పీటీ4ఏ అంటే నాలుగో స్టేజీ కాదమ్మా

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది సూళ్లూరుపేట. పద్దెనిమిదేళ్లుగా చెన్నై కొరుక్కుపేటలో ఉంటున్నాం. మా వారికి 47 ఏళ్లు, అంబత్తూరులో చిన్న లేత్ వర్క్‌షాప్ నడుపుతారు. నెల క్రితం కుడిపక్క కడుపునొప్పి వస్తే దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌లో చేర్చాం. ఇరవై నాలుగు గంటల నొప్పి అని రాత్రికి రాత్రే కీహోల్ ఆపరేషన్ చేసి అపెండిక్స్ తీసేశారు. మూడో రోజు ఇంటికి పంపారు. కుట్లు చూపించుకోవడానికి వెళ్తే బయాప్సీ రిపోర్టు చేతిలో పెట్టి, క్యాన్సర్ డాక్టరుకి చూపించుకోమన్నారు. 'లో గ్రేడ్ అపెండిషియల్ మ్యూసినస్ నియోప్లాజమ్, పీటీ4ఏ, పైపొర మీద కణాలు లేని మ్యూసిన్ ఉంది, మార్జిన్‌లో జబ్బు లేదు' అని దాని సారం. మా మరిది నెట్‌లో చూసి నాలుగో స్టేజీ అన్నాడు. ఒక డాక్టరు వెంటనే కుడిపక్క పెద్దపేగు తీసేయాలన్నారు. ఇంకొకరు ఏమీ అక్కర్లేదు, మర్చిపొమ్మన్నారు. మూడో చోట పొట్ట తెరిచి వేడి కీమో పోసే హైపెక్ చేయాలి, లక్షలవుతుందన్నారు. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది, ఇక ఏ ఆపరేషనూ వద్దని మా అత్తగారు ఏడుస్తున్నారు. ఆయనకి క్యాన్సర్ మాట ఇంకా చెప్పలేదు, చీముగడ్డ అని చెప్పాం. మా అబ్బాయి ప్లస్ టూ చదువుతున్నాడు. ఇది పిల్లలకి కూడా వస్తుందా? మేము ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు, కొరుక్కుపేట

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట చెప్పి తర్వాత మిగతా సంగతులు మొదలుపెడతాను. ఈ రాత్రికి మీరు నిద్రపోండి. మీ వారి రిపోర్టులో ఉన్నది పరుగులు తీసే జబ్బు కాదు. పాకినా నెలల మీద, ఏళ్ల మీద పాకేది. ఇంకో మూడు నాలుగు వారాలు తీసుకుని అన్నీ సరిగ్గా కనుక్కుంటే మీకు పోయేదేమీ లేదు. కంగారుపడి వచ్చే సోమవారమే పేగు కోయించుకుంటే మాత్రం, కోసిన పేగును తిరిగి పెట్టలేం.

మీ మరిది పొరబడిన చోటే మొదలుపెడదాం. ఆయన తప్పేమీ లేదు, నా దగ్గరికి వచ్చే చదువుకున్నవాళ్లలో కూడా చాలామంది అక్కడే పడతారు. పీ అంటే ముక్కను మైక్రోస్కోపు కింద చూసి రాసిన మాట అని. టీ అంటే గడ్డ గోడలో ఎంతవరకు వెళ్లిందన్నది. 4ఏ అంటే గోడ దాటి పైపొర దాకా వచ్చిందని. స్టేజీ వేరే లెక్క. టీతో పాటు నోడ్స్‌లో, అంటే చుట్టుపక్కల లింఫు గ్రంథుల్లో ఉందా, దూరంగా ఎక్కడైనా ఉందా అన్నవి కూడా చూసి, మూడూ కలిపి స్టేజీ కడతారు. టీ4ఏ ఉండి, నోడ్స్‌లోనూ దూరంగానూ ఏమీ లేకపోతే అది రెండో స్టేజీ కిందకి వస్తుంది. పైగా ఈ రకం జబ్బులో పైపొర మీద కాస్త మ్యూసిన్, అంటే జిగురు కనబడ్డా నియమం ప్రకారం 4ఏ అని రాయాల్సిందే. మీ వారి రిపోర్టులో ఆ జిగురులో కణాలు లేవని స్పష్టంగా ఉంది. గింజ లేని గుజ్జు అన్నమాట. గుజ్జు నేల మీద పడితే మొక్క మొలవదు, గింజ పడితేనే మొలుస్తుంది. అందుకే 'కణాలు లేని' అన్న ఆ రెండు మాటలు మీ రిపోర్టులో అన్నిటికంటే విలువైనవి. అవి నిజమో కాదో తేల్చుకోవడమే మీరు చేయాల్సిన మొదటి పని.

అసలు ఈ మ్యూసినస్ నియోప్లాజమ్ ఏమిటో చెప్తాను. లో గ్రేడ్ అంటే మెల్లగా పెరిగే రకం అని. అపెండిక్స్ ఒక వైపు మూసుకుపోయిన సన్నటి గొట్టం, చిటికెన వేలంత ఉంటుంది. దాని లోపలి పొరలో జిగురు తయారుచేసే కణాలు కొన్ని ఉంటాయి. ఆ కణాలు దారి తప్పి పెరిగితే జిగురు అదే పనిగా ఊరుతుంది. బయటికి పోయే దారి సన్నం. లోపల నిండి, గోడ పల్చబడి, ఒక రోజు పగులుతుంది. అప్పుడు వచ్చే నొప్పి మామూలు అపెండిసైటిస్ లాగే ఉంటుంది కాబట్టి ముందుగా ఎవరూ పసిగట్టలేరు. మీ నర్సింగ్‌హోమ్ డాక్టరు గారిని తప్పు పట్టకండి. నొప్పికి తీసిన అపెండిక్సుల్లో నూటికి ఒకటి అటూ ఇటూగా ఏదో ఒక గడ్డ బయటపడుతుంది, అదీ ఆపరేషన్ అయ్యాకే. ఆయన ముక్కను పరీక్షకు పంపారు, రిపోర్టు దాచకుండా మీ చేతికిచ్చారు. అది చిన్న విషయం కాదు.

ఎందుకంటున్నానంటే, కుర్ర డాక్టరుగా నేను ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేసేటప్పుడు పేషెంటుకి కొన్ని వందలు మిగుల్తాయని అపెండిక్సులను పరీక్షకు పంపేవాళ్లు కాదు. ట్రేలో పెట్టి చుట్టాలకు చూపించి, పారేసేవాళ్లు. ఒకామె అపెండిక్స్ ఉబ్బి, మెరుస్తూ, లేత ముంజకాయలా ఉంది. దాన్నీ అలాగే పారేశారు. ఆ రోజు పక్కన నిలబడి కత్తెర అందుకున్నది నేనే. పంపుదాం సార్ అనలేకపోయాను. ఆరేళ్ల తర్వాత ఆమె వేరే ఆసుపత్రిలో నాకు కనబడింది. లంగా బొందు నడుముకు ఆనడం లేదని, ఈ వయసులో కడుపేమిటని ఇరుగుపొరుగు అడుగుతున్నారని చెప్పింది. పొట్ట తెరిస్తే నీళ్లు కాదు, నానిన తుమ్మజిగురు లాంటి పదార్థం, చేత్తో తోడితే గానీ రాలేదు. ఆ రోజు నుంచి నా చేతి మీదుగా వెళ్లిన ఏ అపెండిక్సూ పరీక్ష లేకుండా పోలేదు. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా అపెండిక్స్ ఆపరేషన్ జరిగితే బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి. డబ్బు లేకపోతే ఇంకేదైనా తగ్గించుకోండి, దీన్ని కాదు.

ఆమెకు వచ్చినదాన్ని సూడోమిక్సోమా పెరిటొనై అంటారు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ వారి విషయంలో దేనికోసం కాపలా కాయాలో మీకు తెలియాలి. అపెండిక్స్ పగిలి, కణాలున్న జిగురు పొట్టలో పడితే అది రక్తంలోకి వెళ్లదు, లివరు లోపలికీ ఊపిరితిత్తుల్లోకీ పాకడం చాలా అరుదు. పొట్ట లోపలి నీటితో పాటు తిరుగుతుంది. ఆ నీరు కుడిపక్క నుంచి పైకి, లివరు మీద, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు తెర డయాఫ్రమ్ దాకా పోతుంది, అక్కడ పేరుకుంటుంది. బరువుకి కిందికి జారి కటి భాగంలో నిలుస్తుంది. పేగుల ముందు వేలాడే కొవ్వు తెరను పట్టుకుంటుంది. విచిత్రమేమిటంటే, ఎప్పుడూ కదులుతూ ఉండే చిన్నపేగు మీద మాత్రం మొదట్లో పెద్దగా అంటుకోదు. నిలవ నీటి గట్టున పట్టిన నాచు పారే కాలవలో పట్టదు చూడండి, అలాగే. ఈ జబ్బుకు ఆపరేషన్ చేయగలుగుతున్నామంటే ఆ చిన్నపేగు మిగిలి ఉండడం వల్లే. ఆడవాళ్లలో అండాశయాల మీద పెరిగి, అండాశయం గడ్డ అనిపించి, గైనకాలజిస్టు దగ్గర బయటపడుతుంది. మగవాళ్లలో ఒక్కోసారి గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ చేస్తుంటే సంచిలో జిగురు కనబడుతుంది.

ఇప్పుడు మీ ముగ్గురు డాక్టర్ల మాట చూద్దాం.

కుడిపక్క పెద్దపేగు తీయాలన్న డాక్టరు గారు చెప్పిన ఆపరేషన్ పేరు రైట్ హెమికొలెక్టమీ. చిన్నపేగు చివర కొంత, అపెండిక్స్ అతుక్కుని ఉండే సీకమ్, పైకి వెళ్లే పెద్దపేగు, వాటి రక్తనాళాల వెంట ఉండే నోడ్స్, అన్నీ ఒకే ముక్కగా తీసి మిగిలిన రెండు కొసలూ కలుపుతారు. అపెండిక్స్‌లో అడినోకార్సినోమా, అంటే గోడలోకి చొచ్చుకుపోయే క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఇది అవసరం, ఎందుకంటే అది నోడ్స్‌కి పాకే జబ్బు. కనీసం 12 నోడ్స్ తీసి చూడకపోతే స్టేజీ తేలినట్టు కాదు. మీ వారి జబ్బు నోడ్స్ దారి పట్టేది కాదు. అపెండిక్స్ కోసిన మొదట్లో, అంటే మార్జిన్‌లో, జబ్బు లేదన్నారు. అలాంటప్పుడు పేగు తీస్తే లాభం లేదు.

లాభం లేకపోవడంతో ఆగదు, నష్టం కూడా ఉంది. పొట్ట లోపలి పెరిటోనియం పొర ఒక గోడ లాంటిది. జిగురు ఆ గోడకు ఇవతలే ఉంటుంది. పెద్దపేగు తీయాలంటే ఆ పొరను కోసి దాని వెనక్కి వెళ్లాలి. ఒకవేళ పొట్టలో కణాలు ఉండి ఉంటే, మన చేత్తో మనమే వాటికి గోడ వెనక దారి చూపించినట్టు. అతుకులు కూడా పడతాయి. రేపెప్పుడో నిజంగా పెద్ద ఆపరేషన్ కావాల్సి వస్తే, ఆ అతుకుల మధ్య జబ్బును వెతకడం సర్జనుకి నరకం. అందుకే ఈ జబ్బులో ముందు చేసిన అనవసరపు పెద్ద ఆపరేషన్, తర్వాత చేయాల్సిన అవసరపు ఆపరేషన్‌కి అడ్డం పడుతుందని అంటాను. రిపోర్టులో పేరు మారితే నా మాట కూడా మారుతుంది. ఆ పేరు మీదే మొత్తం ఆధారపడి ఉంది.

ఏమీ అక్కర్లేదన్న డాక్టరు గారు సగం కరెక్ట్. ఆపరేషన్ అక్కర్లేకపోవచ్చు, నిజమే. మర్చిపోవడం మాత్రం కుదరదు. జబ్బు అపెండిక్స్ లోపలే ఉండి, పగలకుండా బయటికి వచ్చి ఉంటే దాదాపు నయమైనట్టే. మీ వారికి పైపొర దాకా జిగురు వచ్చింది కాబట్టి కొన్నేళ్లు కనిపెట్టి ఉండాల్సిందే. కణాలు లేని జిగురైతే తిరగబెట్టే అవకాశం తక్కువ, కణాలుంటే చాలా ఎక్కువ.

హైపెక్ అన్నవాళ్ల విషయం కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ పేరు ఇప్పుడు చెన్నైలో బాగా వినబడుతోంది. జనం వేడి కీమోనే అసలు వైద్యం అనుకుంటున్నారు. అసలు వైద్యం దానికి ముందు జరిగే కోత. పొట్ట నిలువునా తెరిచి, కంటికి కనబడే జబ్బునంతా ఒలిచి తీయడం. డయాఫ్రమ్ మీది పొర, కటి భాగం పొర, కొవ్వు తెర, గాల్ బ్లాడర్, అవసరమైతే ప్లీహం, పెద్దపేగులో కొంత, ఆడవాళ్లలో అండాశయాలు. ఎనిమిది పది గంటలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వాషింగ్టన్‌లో పాల్ షుగర్‌బేకర్ అనే సర్జన్ ఈ పొరలు ఒలిచే పద్ధతిని ఒక క్రమంలో పెట్టి 1995లో ప్రచురించాడు. వేడి కీమో దానికంటే ముందే, 1980లో, అమెరికాలో ఇదే సూడోమిక్సోమా ఉన్న ఒక పేషెంటు మీద మొదట వాడారు.

ఆపరేషన్ థియేటర్లో అదెలా ఉంటుందో చెప్తాను. కోత అంతా అయ్యాక పొట్టలోకి ట్యూబులు పెడతాం. మైటోమైసిన్ అనే మందు కలిపిన ద్రవాన్ని 41 నుంచి 43 డిగ్రీల వేడిలో గంట, గంటన్నర పాటు పంపు తిప్పుతూ ఉంటుంది. చిన్నపిల్లలకు స్నానం పోసే నీళ్ల కంటే కాస్త ఎక్కువ వేడి. మందు అన్ని మూలలకీ చేరాలని ఒకరు పొట్టను మెల్లగా కదిలిస్తూనే ఉంటారు. ఆ మందు లోపలికి ఇంకేది ఒకటి రెండు మిల్లీమీటర్లే. మిగిల్చిన జబ్బు అంతకంటే మందంగా ఉంటే వేడి కీమో దాన్ని ఏమీ చేయలేదు. అందుకే ఆపరేషన్ ముందూ తర్వాతా లెక్క వేస్తాం. పొట్టను 13 భాగాలు చేసి ఒక్కో దానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 39. మార్కులు ఎక్కువైతే జబ్బు ఎక్కువ. చివర్లో కంటికి ఏమీ కనబడకపోతే సీసీ సున్నా, రెండున్నర మిల్లీమీటర్ల లోపు మిగిలితే సీసీ ఒకటి. ఈ రెండిట్లో ఒకటి సాధిస్తేనే ఇంత కష్టానికి ఫలితం.

ఫలితం ఉంది కూడా. 2012లో 16 కేంద్రాల నుంచి 2298 మంది సూడోమిక్సోమా పేషెంట్ల వివరాలు కలిపి చూశారు. పదేళ్లకు నూటికి 63 మంది బతికే ఉన్నారు. ఒకప్పుడు జిగురు తోడడం, మళ్లీ నిండడం, మళ్లీ తోడడం తప్ప దారిలేని జబ్బు ఇది. కానీ అదే లెక్కలో ఆపరేషన్ వల్ల నూటికి ఇద్దరు పోయారు, 24 మందికి పెద్ద ఇబ్బందులు వచ్చాయి. అదీ చేయి తిరిగిన కేంద్రాల్లో. పొట్టలో నిజంగా జబ్బున్న మనిషి ఈ రిస్కు తీసుకోవడం న్యాయం. స్కాన్ కూడా తీయకుండా, ముందుజాగ్రత్త పేరుతో మీ వారిని దాంట్లోకి నెట్టడం న్యాయం కాదు. ఆ మూడో చోట వాళ్లు మీకు స్కాన్ గురించి చెప్పినట్టు మీ ఉత్తరంలో లేదు. అది నాకు నచ్చలేదు.

మరి ఇప్పుడు చేయాల్సింది. నర్సింగ్‌హోమ్‌కి వెళ్లి బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు రెండూ అడగండి. బ్లాక్ అంటే మీ వారి అపెండిక్స్ ముక్కను మైనంలో పోసి పెట్టిన చిన్న దిమ్మ, అగ్గిపెట్టెలో సగం ఉంటుంది, ప్లాస్టిక్ గూడు మీద నంబరు రాసి ఉంటుంది. అవి మీవి, అడిగే హక్కు మీకుంది. సంతకం పెట్టించుకుని ఇస్తారు. నంబరు రిపోర్టులోని నంబరుతో సరిపోయిందో లేదో అక్కడే చూసుకోండి. చెన్నై ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో మాత్రం పెట్టకండి, మైనం మెత్తబడుతుంది. స్లైడ్లు గాజువి, బట్టలో చుట్టి డబ్బాలో పెట్టుకోండి.

వాటిని క్యాన్సర్ ముక్కలు రోజూ చూసే పాథాలజిస్టు దగ్గర రెండోసారి చదివించండి. మీకు దగ్గర్లో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ముత్తులక్ష్మి రెడ్డి గారు 1954లో పెట్టింది. వెల్లూరు సీఎంసీ ఉంది. పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ చదువుతారు. అడగాల్సిన ప్రశ్నలు చీటీ మీద రాసుకుని వెళ్లండి: ఇది లో గ్రేడేనా? అపెండిక్స్ మొత్తం ముక్కలు చేసి చూశారా, లేక రెండు మూడు చోట్లే చూశారా? జిగురులో కణాలు నిజంగా లేవా? మార్జిన్ శుభ్రంగా ఉందా? మొత్తం చూడలేదంటే మిగిలిన ముక్క నర్సింగ్‌హోమ్ పంపిన ల్యాబులో ఇంకా ఉందేమో వెంటనే కనుక్కోండి, ఎక్కువ కాలం ఉంచరు.

ఆపరేషన్ చేసిన సర్జన్ గారిని మర్యాదగా ఒకసారి కలవండి. ఆ రాత్రి పొట్టలో ఎక్కడైనా జిగురు కనబడిందా, అపెండిక్స్ ముందే పగిలి ఉందా లేక తీసేటప్పుడు పగిలిందా, సంచిలో పెట్టి బయటికి తీశారా అని అడగండి. కీహోల్ కాబట్టి వీడియో ఉండొచ్చు, ఉంటే పెన్‌డ్రైవ్‌లో అడగండి. కోపంగా అడిగితే తలుపు మూస్తారు. సాయం చేయండి సార్ అని అడిగితే గుర్తున్నదంతా చెప్తారు. మేమూ మనుషులమే.

తర్వాత పొట్ట, కటి భాగం మొత్తానికి మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్. ఆపరేషన్ అయిన కొత్తలో తీస్తే మామూలు వాపు, నీరు కూడా జబ్బులాగే కనబడతాయి. మీకు నెల దాటింది కాబట్టి ఇంకో వారం పది రోజులు ఆగి తీయించండి. ఆపరేషన్‌కి ముందు తీసిన స్కానింగ్ ఫిల్ములు కూడా పట్టుకెళ్లండి. రక్తంలో సీఈఏ, సీఏ 19-9, సీఏ 125 అనే మూడు క్యాన్సర్ గుర్తులు చూపించండి. పెద్దపేగులో వేరే గడ్డేమీ లేదని తేల్చుకోవడానికి కెమెరా గొట్టంతో లోపల చూసే కొలొనోస్కోపీ కూడా చేయించాలి, 47 ఏళ్ల మనిషికి ఎలాగూ మంచిదే. చురుగ్గా ఉన్న క్యాన్సర్ కణాలను వెలిగించి చూపే పెట్ స్కాన్ మాత్రం ఎవరైనా రాస్తే ఎందుకని అడగండి. ఈ రకంలో జిగురు ఎక్కువ, కణాలు తక్కువ, పెట్‌లో అది వెలగదు. డబ్బు పోతుంది, సమాధానం రాదు. ఇప్పుడే సెలైన్‌లో కీమో ఎక్కించాలన్నా అలాగే అడగండి, లో గ్రేడ్ జబ్బు ఆ కీమోకి లొంగదు.

స్కాన్‌లో ఏమీ లేక, రెండో పాథాలజిస్టు కూడా అదే మాట అంటే మీ వారికి ఇప్పుడు ఆపరేషన్ వద్దు. మొదటి రెండేళ్లు ఆరునెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి స్కాన్, రక్త పరీక్ష. కనీసం ఐదేళ్లు, వీలైతే పదేళ్ల దాకా. ఇది నెమ్మదిగా వచ్చే జబ్బు కాబట్టి కాపలా కూడా ఓపిగ్గా కాయాలి. తేదీలు కేలండర్ మీద రాసి పెట్టండి. మూడో ఏడాదికి అందరూ మర్చిపోతారు, నేను చూసిన మనుషులందరూ అక్కడే జారారు. స్కాన్‌లో అనుమానంగా ఏదైనా కనబడితే కెమెరా పెట్టి ఒకసారి లోపల చూసి, ముక్క తీసి, అప్పుడు హైపెక్ మాట మాట్లాడదాం.

ఆ రోజు వస్తే ఆసుపత్రిని ఎంచుకోవడానికి బిల్డింగ్ చూడకండి. ఈ జబ్బుకే ఏడాదికి ఎన్ని చేస్తారు, ఎంతమందిలో సీసీ సున్నా వచ్చింది, ఎంతమందిని మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాల్సి వచ్చింది అని అడగండి. జవాబు చెప్పడానికి ఇష్టపడని చోటు మీది కాదు. ఖర్చు కాగితం మీద రాయించుకోండి. రేషన్ కార్డు సూళ్లూరుపేటలో ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ, ఇక్కడిది అయితే తమిళనాడు ముఖ్యమంత్రి బీమా, ఏది పనికొస్తుందో ఆ ఆసుపత్రి బీమా కౌంటర్‌లో ముందే కనుక్కోండి. ప్లీహం తీయొచ్చని అనుకుంటే రెండు వారాల ముందే టీకాలు వేయించాలి, అది కూడా గుర్తు చేయండి.

ఇది చదివే ఇంకొకరి చేతిలో వేరే పేరున్న రిపోర్టు ఉండొచ్చు. న్యూరో ఎండోక్రైన్ ట్యూమర్ (హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే గడ్డ) అని ఉండి, సెంటీమీటరు లోపు ఉంటే అపెండిక్స్ తీయడంతో అయిపోయినట్టే. రెండు సెంటీమీటర్లు దాటితే పెద్దపేగు ఆపరేషన్ చేస్తారు. మధ్యలో ఉన్నవాళ్ల గురించి చాలా ఏళ్లు వాదన నడిచింది. ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల మధ్య ఉన్నవాళ్లకు పేగు తీసినందువల్ల ఆయుష్షు పెరగలేదని 2023లో యూరప్ డాక్టర్లు చూపించారు. గాబ్లెట్ సెల్ అడినోకార్సినోమా అని ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. దాన్ని గతంలో కార్సినాయిడ్, అంటే క్యాన్సర్ లాంటిది అని పిలిచేవాళ్లు, పేరు మెత్తగా ఉన్నా జబ్బు మెత్తనిది కాదు, పేగు తీయాల్సిందే. ఇంకో మాట. నలభై దాటినవాళ్లకు అపెండిక్స్ చుట్టూ చీముగడ్డ కట్టి, మందులతో తగ్గిపోతే, తగ్గింది కదా అని వదిలేయకండి. ఫిన్లండ్‌లో అలాంటి 60 మందిని గమనిస్తే 12 మందికి అపెండిక్స్‌లో ట్యూమర్ గడ్డ ఉంది, వాళ్లందరూ నలభై దాటినవాళ్లే.

మీ అత్తగారి భయంలో పిసరంత నిజం ఉంది. జిగురు నిండిన అపెండిక్స్‌ని అజాగ్రత్తగా లాగితే పగిలి చిమ్ముతుంది, అందుకే సంచిలో పెట్టి తీస్తాం. కానీ కోయకుండా వదిలేస్తే అది తనంతట తనే పగిలేది. మీ వారికి అది బయటికి వచ్చేసింది. ఈ మాట ఆమెకు అలాగే చెప్పండి, అత్తమ్మ ఊరికే భయపడుతోందని కొట్టిపారేయకండి. జామగింజలు తిన్నందుకు రాలేదు, లేత్ దగ్గర నిలబడినందుకూ రాలేదు. మామూలుగా ఇది తండ్రి నుంచి పిల్లలకు వచ్చే జబ్బు కూడా కాదు.

చివరిది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మీ వారికి చెప్పండి. ప్రేమతోనే దాచారు, నాకు తెలుసు. కానీ కొలొనోస్కోపీ ఆయన చేయించుకోవాలి, పదేళ్లు స్కానులకు ఆయన రావాలి, రేపు ఏదైనా ఆపరేషన్ అంటే సంతకం ఆయన పెట్టాలి. చీముగడ్డకి ఎవరూ పదేళ్లు స్కానులు తీయించుకోరు. ఏదో ఒక రోజు క్యాన్సర్ వార్డు బోర్డు కింద నిలబడి ఆయనే చదువుకుంటారు. ఆ రోజు జబ్బు కంటే మీరు దాచినదే ఆయన్ని ఎక్కువ బాధపెడుతుంది. అబ్బాయికి ఇప్పుడు స్టేజీలూ పేర్లూ అక్కర్లేదు. నాన్నకి ఒక గడ్డ తీశారు, కొన్నాళ్లు పరీక్షలుంటాయి, నువ్వు చదువుకో అంటే చాలు. అబద్ధం చెప్పకండి, అంతే.

ఆయనకు ఎలా చెప్పాలో తెలియడం లేదంటే, ఆదివారం వర్క్‌షాప్ సెలవు కదా, పిల్లలు లేని సమయం చూసి పక్కన కూర్చుని ఇలా చెప్పండి: "ఏమండీ, ఆ రోజు తీసింది చీముగడ్డ కాదంట. అపెండిక్స్‌లో ఒక రకం గడ్డంట, మెల్లగా పెరిగేదంట. మొత్తం తీసేశారు. ఇంకా ఏమైనా మిగిలిందేమో చూడాలంట, దానికి ఒక స్కాన్ తీయాలి. నాకు భయమేసి ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇద్దరం కలిసి వెళ్దాం." తర్వాత మాట్లాడకండి, ఆయన్ని మాట్లాడనివ్వండి. రిపోర్టు అడిగితే చేతికివ్వండి. పీటీ4ఏ దగ్గర ఆగిపోతే, దాని అర్థం ఇప్పుడు మీకు తెలుసు.